సుద్ద గుర్తు, అద్దకం రంగు: స్వింగ్ టెక్స్ట్‌తో తొమ్మిదేళ్లు

హిందూపురం నుంచి సూపర్‌వైజర్ ఫోన్. "సార్, మీ సాఫ్ట్‌వేర్ పసుపు పూసేది ఒకచోట, తప్పుండేది ఇంకోచోట. పైన నాలుగు వరసలు బాగానే ఉంటాది. కిందికి పోయేకొద్దీ పక్కకి జరిగి పోతా ఉంది."

యంత్రం పంపే లాగ్‌లో, అంటే ఏం జరిగిందో వరసగా రాసుకుపోయే చిట్టాలో, ఎర్రర్ అన్న మాట వెతికి పసుపు పూయడం మా ప్రోగ్రామ్ పని. నేను ఉబుంటు లైనక్స్‌లో పనిచేస్తాను. నా దగ్గర ఎన్నిసార్లు నడిపినా పసుపు సరిగ్గా ఎర్రర్ అన్న మాట మీదే పడుతోంది. వాళ్ల దగ్గరున్నది విండోస్. రెండు రోజులు తల పట్టుకున్నాక దొరికింది. మా ప్రోగ్రామ్ తెరలు కట్టింది స్వింగ్‌తో, జావాలో కిటికీలు, బటన్లు, టెక్స్ట్ పెట్టెలు ఇచ్చే లైబ్రరీ అది. రంగుల టెక్స్ట్ చూపే దాని పెట్టె పేరు జేటెక్స్ట్‌పేన్. దాన్ని గెట్‌టెక్స్ట్, అంటే ఉన్న టెక్స్ట్ అంతా ఇవ్వు, అని అడిగితే, విండోస్‌లో ప్రతి వరస చివరా రెండు గుర్తులు చేర్చి ఇస్తుంది: క్యారేజ్ రిటర్న్ ఒకటి, న్యూలైన్ ఒకటి. పేన్ తన టెక్స్ట్‌ని లోపల దాచుకునే డాక్యుమెంట్‌లో మాత్రం వరసకి న్యూలైన్ ఒక్కటే. నేనేమో ఆ స్ట్రింగ్‌లో వెతికి, దొరికిన స్థానాన్ని తెచ్చి డాక్యుమెంట్ మీద వాడుతున్నాను. వరసకి ఒక అక్షరం తేడా పడుతూ వచ్చింది. పదకొండో వరసకి చేరేసరికి పది అక్షరాలు, రెండు వందల ఒకటో వరసకి రెండు వందలు. లైనక్స్‌లో వరస చివర ఒక్క గుర్తే కాబట్టి నా కంట పడే అవకాశమే లేదు.

మందు చిన్నదే. పేన్‌ని అడగకూడదు, దాని డాక్యుమెంట్‌ని అడగాలి, సున్నా నుంచి గెట్‌లెంగ్త్ దాకా, అంటే దాని పూర్తి పొడవు. సాదా టెక్స్ట్ పెట్టె జేటెక్స్ట్‌ఏరియాలో ఈ గొడవ లేదు, అది డాక్యుమెంట్‌లో ఉన్నది ఉన్నట్టే ఇస్తుంది. ఏరియా కోసం రాసిన కోడ్‌ని పేన్‌కి మార్చినప్పుడు ఈ గుంటలో పడతాం. నేను పడింది కూడా అలాగే.

ఇది 2016 నాటి మాట. బెంగళూరు పీణ్యాలో పంపుల్ని పరీక్షించే యంత్రాలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరిన కొత్త. యంత్రం పక్కనే ఒక కంప్యూటర్, దానిమీద మా జావా ప్రోగ్రామ్. ఎడమవైపు యంత్రం పంపే లాగ్, కుడివైపు ఆపరేటర్‌కి సూచనలు, కొన్నిచోట్ల కన్నడంలో, కొన్నిచోట్ల తెలుగులో. ఫ్యాక్టరీల్లో ఆ కంప్యూటర్లకి నెట్ ఉండదు, ర్యామ్ అంతంతమాత్రం, పైన దుమ్ము. బ్రౌజర్‌లో చేద్దామంటే మా ఓనరు ఒప్పుకోలేదు. ఆ మాటకొస్తే ఆయన చెప్పిందే సరైంది. అలా స్వింగ్ నా నెత్తిన పడింది. 1998 డిసెంబరులో జావా 1.2తో కలిసి వచ్చిన సరుకు అది. అప్పటికి నేను ధర్మవరంలో ఐదో తరగతి. ఇంత పాతదానితో ఎన్నాళ్లులే అనుకున్నాను. తొమ్మిదేళ్లు దాటింది, జావా 8 నుంచి 11కి, అక్కడి నుంచి 17కి మారాం, స్వింగ్ మాత్రం కదల్లేదు. ఇన్నాళ్లలో దాని టెక్స్ట్ భాగాలతో, ముఖ్యంగా రంగులు పూయడం, అక్షరాల తీరు మార్చడం అనే రెండు పనులతో నాకు కలిగిన అనుభవం ఇది.

రెండు పనులు అన్నాను. కొత్తవాళ్లు వీటిని ఒకటే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మా ఇంట్లో మగ్గం ఉండేది. నేతలో ఎక్కడైనా పోగు తప్పితే నాన్న అక్కడ సుద్దతో చిన్న గీత పెట్టేవాడు. సరిచేశాక దులిపితే పోయేది. అంచు రంగు అలా కాదు, పట్టుకే అద్దకం వేయించి తెచ్చిన రంగు అది, మగ్గం ఎక్కాక ఎవరూ మార్చలేరు. స్వింగ్‌లో హైలైటర్ ఆ సుద్ద గీత లాంటిది. అక్షరం వెనక రంగు పూస్తుంది, డాక్యుమెంట్‌ని ముట్టుకోదు. స్టైల్ అద్దకం లాంటిది. డాక్యుమెంట్ లోపలే, ఆ మాటకే అతుక్కుని ఉంటుంది.

మొదటి ఏడాది ఈ తేడా పట్టించుకోకుండా, సెర్చ్‌లో దొరికిన మాటలకి కూడా స్టైల్‌కాన్‌స్టంట్స్‌లోని సెట్‌బ్యాక్‌గ్రౌండ్‌తో పసుపు వేశాను. సెర్చ్ మూసేటప్పుడు పసుపు తీయాలి కదా, మాటకి రంగు, బోల్డ్ వంటి లక్షణాలు (ఆట్రిబ్యూట్లు) తగిలించే సెట్‌క్యారెక్టర్‌ఆట్రిబ్యూట్స్‌కి చివర ఇచ్చే రీప్లేస్ అనే నిజం-అబద్ధం విలువని నిజం అని పెట్టి, ఖాళీ ఆట్రిబ్యూట్లు ఇచ్చాను. పసుపు పోయింది. దాంతోపాటు ఎర్రర్ వరసల ఎరుపు, టైమ్‌ల బూడిద రంగు, బోల్డ్, అన్నీ పోయాయి. రీప్లేస్ నిజమైతే ఆ మాటకి అంతకుముందున్నదంతా తుడిచి కొత్తది పెడుతుంది. అబద్ధమైతే ఉన్నదానికి కలుపుతుంది. ఆపరేటర్ ఒక్కసారి వెతికితే చాలు, లాగ్ అంతా తెల్లకాగితం మీద నల్లక్షరాలే. ఇంత జరిగాక గానీ సుద్ద ఎక్కడ, అద్దకం ఎక్కడ అన్నది నా బుర్రకెక్కలేదు. తాత్కాలికంగా కనబడి పోయేవన్నీ హైలైటర్‌తో, ఆ మాట స్వభావానికి చెందినవి మాత్రం స్టైల్‌తో. ఈ ఒక్క విభజన పాటిస్తే సగం బగ్గులు పుట్టవు.

హైలైటర్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే స్వింగ్‌లో నాకు బాగా నచ్చిన భాగం అదే. జేటెక్స్ట్‌ఫీల్డ్, జేటెక్స్ట్‌ఏరియా వంటి సాదా భాగాల్లో అంతటికీ ఒకే ఫాంట్, ఒకే అక్షరపు రంగు. ఒక్క మాటని ఎర్రగా చేయడం కుదరదు. కానీ హైలైటర్ వాటిలోనూ పనిచేస్తుంది. మొదలు, చివర, పూసే పెయింటర్, ఈ మూడూ ఇచ్చి యాడ్‌హైలైట్ అంటే పూసేస్తుంది, తిరిగి ఒక ట్యాగ్ ఇస్తుంది. ఆ ట్యాగ్‌ని పారేయకండి. తర్వాత తీయాలన్నా, జరపాలన్నా అదే కావాలి. పెయింటర్‌కి రంగు బదులు నల్ (ఏమీ లేదు) ఇస్తే ఆ భాగపు సెలెక్షన్ రంగునే వాడుకుంటుంది.

ట్యాగ్‌లు దాచుకునే ఓపిక లేక చాలామంది రిమూవ్‌ఆల్‌హైలైట్స్ అని కొట్టేస్తారు. అక్కడొక చిక్కుంది. మౌస్‌తో ఎంచుకున్న సెలెక్షన్‌ని కూడా స్వింగ్ కర్సర్ ఇదే హైలైటర్‌లో ఒక గుర్తుగా పెడుతుంది. అన్నీ తీసేయమంటే అదీ పోతుంది. ఆపరేటర్ కాపీ చేద్దామని రెండు వరసలు ఎంచుకుంటాడు, ఈలోపు కొత్త లాగ్ వచ్చి మన కోడ్ అన్నీ తుడిచి మళ్లీ పూస్తుంది, ఆయన ఎంచుకున్నది కంటికి కనబడదు. "సెలెక్ట్ అవ్వట్లేదు సార్" అని టికెట్. నిజానికి అది ఎంపికలోనే ఉంది, నీలం రంగు మాత్రం మాయం. సొంత ట్యాగ్‌ల జాబితా ఒకటి పెట్టుకుని వాటినే తీయడం మొదలుపెట్టాక ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.

అసలు సెర్చ్‌కి సెలెక్షన్‌నే వాడొచ్చు కదా అంటారా? నేనూ అదే చేసి చూశాను. సెర్చ్ డబ్బాలో కర్సర్ ఉన్నంతసేపూ లాగ్ పేన్‌కి ఫోకస్ (కీబోర్డు ధ్యాస) ఉండదు, ఫోకస్ లేని చోట సెలెక్షన్ చూపించకపోవడం స్వింగ్ అలవాటు. అందుకే హైలైటర్.

పూసిన గుర్తులు టెక్స్ట్‌తో పాటు కదులుతాయి, ఇది చాలా బాగుంటుంది. పైన ఒక వరస చేర్చినా కింద పసుపు తన మాటని వదలదు, ఎందుకంటే లోపల అంకెలు కాక, టెక్స్ట్‌తో పాటే జరిగే పొజిషన్లు దాచుకుంటుంది. కాకపోతే పూసిన మాట చివర కర్సర్ పెట్టి టైప్ చేస్తే పసుపు కూడా సాగుతూ పోతుంది. ఆ మాటని మొత్తం చెరిపేస్తే గుర్తు పోదు, మొదలూ చివరా ఒకేచోట ముడుచుకుని సున్నా పొడవుతో జాబితాలో పడి ఉంటుంది. రోజంతా ఎడిట్ చేసే స్క్రీన్‌లో ఇవి పేరుకుంటాయి. అప్పుడప్పుడు ఏరిపారేయాలి.

పసుపు పూయడం ఒక్కటే కాదు, సొంత పెయింటర్ కూడా రాసుకోవచ్చు. మా ఆపరేటర్లలో ఒకాయనకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. హద్దు దాటిన ఒత్తిడి ఎరుపు, సరైనది ఆకుపచ్చ అని మేం గొప్పగా పెట్టుకున్న రంగులు ఆయనకి రెండూ ఒకటే. దాంతో స్పెల్లింగ్ తప్పు కింద వచ్చేలాంటి అలల గీత గీసే పెయింటర్ రాశాను. స్వింగ్ ఇచ్చే డీఫాల్ట్‌హైలైట్‌పెయింటర్‌ని విస్తరించి, గీసే పని జరిగే పెయింట్‌లేయర్ అనే మెథడ్‌లో గీయడమే, ముప్పై నలభై వరసలు. అందులో ఒక కిటుకు నాకు ఒక సాయంత్రం తినేసింది. ఎంత మేర గీశామో ఆ ఆకారాన్ని పెయింట్‌లేయర్ తిరిగి ఇవ్వాలి. నేను నల్ ఇచ్చాను. గీత బాగానే పడింది, తీసేయమన్నప్పుడే పోలేదు, కిటికీ కదిపితే గానీ చెరగలేదు. గుర్తు తీసేటప్పుడు ఎంత మేర మళ్లీ గీయాలో స్వింగ్ ఆ ఆకారాన్ని చూసే తెలుసుకుంటుంది మరి. స్థానాన్ని తెర మీది చోటుగా మార్చే మోడల్‌టువ్యూ పాతబడింది, జావా 9 నుంచి దాని చోట మోడల్‌టువ్యూ2డీ వాడాలి. పాతదీ పనిచేస్తుంది, హెచ్చరిక మాత్రం వస్తుంది.

ఇక అద్దకం సంగతి. జేటెక్స్ట్‌పేన్‌తో అక్షరానికో రంగు, బోల్డ్, అండర్‌లైన్, సైజు, పేరాకి అలైన్‌మెంట్, వరసల మధ్య ఎడం, అన్నీ కుదురుతాయి. ఏపీఐ, అంటే మనం పిలిచే ఆదేశాల తీరు, పాతకాలపు వాసన కొడుతుంది గానీ తర్కం తిన్నగా ఉంటుంది. నన్ను ఇబ్బంది పెట్టినవి చుట్టుపక్కల విషయాలు.

టైప్ చేస్తుండగానే రంగులు మారాలని, డాక్యుమెంట్ మారగానే కబురందుకునే డాక్యుమెంట్‌లిజనర్ లోపలి నుంచి సెట్‌క్యారెక్టర్‌ఆట్రిబ్యూట్స్ పిలిస్తే, నోటిఫికేషన్ నడుస్తుండగా మార్చబోయావు అంటూ ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ ముఖాన కొడుతుంది. పనిని స్వింగ్ తర్వాతి వంతుకి వాయిదా వేసే ఇన్‌వోక్‌లేటర్‌లో పెట్టి ఆ నోటిఫికేషన్ ముగిశాక చేయించాలి. ఇంకా మంచిది చిన్న స్వింగ్ టైమర్: ప్రతి మీటకీ రీస్టార్ట్, వేలు ఆగిన 300 మిల్లీసెకన్లకి రంగులు. ఎరుపు మాట పక్కన టైప్ చేస్తే కొత్తదీ ఎరుపే అవుతుంది, ఎందుకంటే పేన్ పక్కవాడి ఆట్రిబ్యూట్లని అరువు తెచ్చుకుంటుంది. కావాలనే అలా పెట్టారు, వర్డ్‌లోనూ అంతే. కానీ లాగ్ కింద ఆపరేటర్ రాసుకునే నోట్ కూడా ఎర్రగా రావడం ఎవరికి కావాలి?

అన్నిటికంటే చిరాకు అన్‌డూ. చేసిన మార్పుల్ని వెనక్కి తీసుకోవడానికి లెక్క రాసుకునే అన్‌డూమేనేజర్ తగిలిస్తే టైప్ చేసినవే కాదు, మనం వేసిన రంగులూ దాని ఖాతాలోకి వెళ్తాయి. ఆపరేటర్ ఒక మాట రాస్తాడు, మన టైమర్ పాతిక చోట్ల రంగులు వేస్తుంది, ఆయన కంట్రోల్ జెడ్ నొక్కుతాడు. ఒక రంగు పోతుంది. మళ్లీ నొక్కుతాడు, ఇంకో రంగు. మాట మాత్రం అక్కడే ఉంటుంది. మార్పు రకం చూసి, ఛేంజ్ రకం వాటిని (అక్షరాలు కాక రంగులే మారినవాటిని) మేనేజర్‌కి ఇవ్వకుండా వదిలేయాలి. జావా 8లో ఆ రకం చూడటానికి నేను ఎడిట్‌ని డీఫాల్ట్‌డాక్యుమెంట్‌ఈవెంట్‌గా కాస్ట్ చేశాను, అంటే దాన్ని ఆ రకంగా చూడమని జావాకి చెప్పాను. 11కి మారిన రోజే అది పగిలింది, లోపల వచ్చేది వేరే తొడుగు అయిపోయింది. డాక్యుమెంట్‌ఈవెంట్ ఇంటర్‌ఫేస్‌కి కాస్ట్ మార్చితే కుదిరింది. అయితే ఇక్కడ కూడా సుద్దదే పైచేయి: హైలైటర్ పూతలు అన్‌డూ ఖాతాలోకి అసలు వెళ్లవు.

తెలుగు దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్‌లో రాసిన ఏ పాఠంలోనూ నాకు దొరకనిది, తడుముకుంటూ నేర్చుకున్నది ఇదే.

మా సూచనల్లో ఎక్కువసార్లు వచ్చే మాట ఒత్తిడి. మన కంటికి అది మూడక్షరాలు. యూనికోడ్‌లో ఏడు: ఒ, త, పొల్లు, మళ్లీ త, గుడి, డ, గుడి. సెర్చ్‌లో ఎవరో ఒత అని కొట్టారనుకోండి. మొదటి రెండు కోడ్‌లు కలిశాయి కాబట్టి దొరికిందంటుంది ప్రోగ్రామ్. ఆ రెంటికి స్టైల్‌తో ఎరుపు వేస్తే డాక్యుమెంట్ అక్కడ రెండు ముక్కలవుతుంది. రెండో ముక్క పొల్లుతో మొదలవుతుంది. ముక్కల్ని విడివిడిగా పేరుస్తుంది కాబట్టి వత్తు తన హల్లు కింద కూర్చోదు, విడిపోయి నిలబడుతుంది, కొన్ని ఫాంట్లలో చుక్కల వలయం కూడా మొలుస్తుంది. మా ఆపరేటర్ దాన్ని చూసి "అక్షరం ఇరిగింది" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. స్త్రీ వంటి మాటలో ఒక్క అక్షరంలోనే ఆరు కోడ్‌లుంటాయి, ఇరగడానికి ఎన్ని చోట్లో చూసుకోండి.

అదే హైలైటర్‌తో పూస్తే డాక్యుమెంట్ ముక్కలవదు, అక్షరం చెక్కుచెదరదు. పూత అంచు ఎక్కడ ఆగాలన్నది మాత్రం మనమే చూసుకోవాలి. నేను రాసుకున్న నియమం పల్లెటూరి లెక్కలా ఉంటుంది: చివరి స్థానం తర్వాత ఉన్నది గుణింతపు గుర్తో, సున్నానో, పొల్లో అయితే ఒకటి ముందుకు జరుగు. వెనక ఉన్నది పొల్లు, ముందున్నది హల్లు అయితే ఇంకా జరుగు. మొదలుకి ఇదే తిరగేసి. క్యారెక్టర్ క్లాస్‌లోని గెట్‌టైప్ ఒక కోడ్ మార్క్ అవునో కాదో చెప్తుంది, మిగతాది నాలుగు ఇఫ్‌లు. స్టైల్ వేసేటప్పుడూ ముందు ఈ జల్లెడ పట్టి తర్వాతే రంగు వేస్తాను. కన్నడానికీ ఇదే కోడ్ మక్కీకి మక్కీ పనిచేసింది, పొల్లు కోడ్ ఒక్కటి మార్చాను.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో (వెతికే నమూనాలతో) మాటలు పట్టేవాళ్లకి ఇంకో మాట. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే జావా దృష్టిలో మామూలుగా ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ అంతే. తెలుగు మాట దానికి అక్షరమే కాదు. జావా 7 నుంచి యూనికోడ్ క్యారెక్టర్ క్లాస్ అనే ఫ్లాగ్ ఉంది, అది పెడితే గుణింతాలతో సహా మాట మొత్తం చిక్కుతుంది.

ఫాంట్ల సంగతి: విండోస్‌లో గౌతమో, నిర్మలానో ఉంటుంది, లైనక్స్‌లో ఏదుంటే అది. ఏ కంప్యూటర్‌లో ఏముందో అని టెన్షన్ పడే బదులు నోటో సాన్స్ తెలుగు ఫైల్‌ని మా జార్‌లోనే (ప్రోగ్రామ్ మూటలోనే) పెట్టి, మొదలవగానే రిజిస్టర్‌ఫాంట్‌తో నమోదు చేస్తున్నాం. నమోదు చేయకపోతే సెట్‌ఫాంట్‌ఫ్యామిలీకి పేరిచ్చినా దొరకదు, ఫాంట్ క్రియేట్ చేసినంత మాత్రాన చాలదు. జావా 9లో అక్షరాల పేర్పుని ఐసీయూ అనే పాత ఇంజన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే ఇంజన్‌కి మార్చారు. మేం 11కి వచ్చాక మా తెలుగు తెరలు పాతవాటికంటే కుదురుగా కనబడ్డాయి. ఒక్క లోపం మిగిలింది. తెలుగు ఫాంట్ పొడగరి. ఇంగ్లిష్ లాగ్ మధ్యలో ఒక తెలుగు వరస వస్తే ఆ వరస ఎత్తు పెరుగుతుంది, పసుపు పట్టీ కూడా లావవుతుంది. లాగ్‌కి ఒక పేన్, సూచనలకి ఇంకో పేన్ అని విడదీసి ఊరుకున్నాను.

వేగం దగ్గర జేటెక్స్ట్‌పేన్‌కి మార్కులు తక్కువే. కస్టమర్ దగ్గరున్నలాంటి మెషీన్ కావాలని బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకి వెళ్లి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. మంచి పని చేశాను. నా ల్యాప్‌టాప్‌లో చిటికెలో తెరుచుకునే రోజు లాగ్, ఇరవై వేల వరసలది, ఆ డబ్బాలో తెరవమని కిందికెళ్లి కాఫీ తాగొచ్చినా ఇంకా రంగులు వేస్తూనే ఉంది. తెర మీదున్న డాక్యుమెంట్‌లో రంగు మార్చిన ప్రతిసారీ పేన్ మళ్లీ పేర్చుకుంటుంది. పక్కన ఖాళీ డీఫాల్ట్‌స్టైల్డ్‌డాక్యుమెంట్ ఒకటి చేసి, అందులోనే టెక్స్టూ రంగులూ నింపి, చివర్లో సెట్‌డాక్యుమెంట్ అనాలి. దాంతో కాఫీ సంగతి తప్పింది. ఇంకా పెద్దవాటికి, స్క్రోల్‌లో కనబడుతున్న పైఅంచు, కిందంచు స్థానాలు తీసుకుని ఆ మేరకే రంగులు వేస్తున్నాం. కంటికి కనబడని వరసకి సింగారం దేనికి?

యంత్రం నుంచి వచ్చే డేటాని సీరియల్ పోర్టు థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పాయ) నుంచే నేరుగా పేన్‌లోకి తోసినవాడు నాకంటే ముందు పనిచేసినాయన. జావా 6 డాక్యుమెంటేషన్‌లో సెట్‌టెక్స్ట్ వంటివి ఏ థ్రెడ్ నుంచైనా పిలవొచ్చని రాసి ఉండేది, 7లో ఆ మాట తీసేశారు. ఆయన పాత కాగితం నమ్మాడు, ఫలితం వారానికోసారి ఎక్కడిదో తెలియని ఎక్సెప్షన్. అన్నీ ఇన్‌వోక్‌లేటర్‌లోకి తోశాక పోయింది. వరస మడత పడకుండా చేసే మీట పేన్‌కి లేదు, ఏరియాకి ఉంది. గెట్‌స్క్రోలబుల్‌ట్రాక్స్‌వ్యూపోర్ట్‌విడ్త్‌ని ఓవర్‌రైడ్ చేసుకోవాలి. పేరే ఒక వరస.

చిన్న రాతలు చూపే జేలేబుల్‌లో హెచ్‌టీఎంఎల్ రాసి రంగులు తెప్పించడం చిన్న చిన్నవాటికి పరవాలేదు, అంతకు మించి వద్దు. అది తెలిసింది హెచ్‌టీఎంఎల్ 3.2 మటుకే. ఒకసారి 5 బార్ కంటే తక్కువ అన్న అర్థంలో < గుర్తు పెట్టి అంకె రాస్తే, దాన్ని ట్యాగ్ అనుకుని మింగేసింది. హెచ్‌టీఎంఎల్‌ని చూపించే హెచ్‌టీఎంఎల్‌ఎడిటర్‌కిట్ స్టైల్‌షీట్ (రంగుల నియమాల పట్టిక) అన్ని కిట్‌లకీ ఉమ్మడి సొత్తని తెలియక, ఒక కిటికీలో పేరా రంగు మారిస్తే హెల్ప్ కిటికీలో కూడా మారింది. ఉమ్మడి కుటుంబంలో ఒకరు సున్నం వేయిస్తే అందరి గదులూ తెల్లబడ్డట్టు.

రాత్రి షిఫ్టువాళ్లు చీకటి థీమ్ అడిగితే స్వింగ్ రూపం మార్చే ఫ్లాట్‌లాఫ్ అనే లైబ్రరీ పెట్టాం. చాలా బాగుంది, పాత స్వింగ్ ముఖమే మారిపోయింది. కానీ నేను కోడ్‌లో గుచ్చి పెట్టిన ముదురు పసుపు మీద తెల్లక్షరాలు! హైలైటర్ వెనక రంగే మారుస్తుంది, అక్షరపు రంగుని ముట్టుకోదు. అందుకే ఇప్పుడు రంగులు థీమ్‌ని అడిగి తీసుకుంటాం, పూతకి కొంచెం పారదర్శకత పెడతాం. కలర్‌కి నాలుగో అంకెగా ఆల్ఫా ఇస్తే సరి, కింద సెలెక్షన్ ఉన్నా తెలుస్తుంది.

వేరేవి చూడలేదా అంటే చూశాను. టెస్ట్ స్క్రిప్టులు రాసే తెరకి ఆర్‌సింటాక్స్‌టెక్స్ట్‌ఏరియా అనే బయటి లైబ్రరీ వాడాం, కోడ్ లాంటి టెక్స్ట్‌కి రంగులు కావాలంటే సొంతంగా రాయడం దండగ, అదే తెచ్చుకోండి. వరస నంబర్లు, దొరికినవన్నీ ఒకేసారి గుర్తుపెట్టడం, బ్రాకెట్ జోడీ, అన్నీ తయారుగా ఉన్నాయి. స్వింగ్ లాంటిదే ఇంకో లైబ్రరీ ఎస్‌డబ్ల్యూటీ, అందులో స్టైల్డ్‌టెక్స్ట్ శుభ్రంగా ఉంటుంది, ఎక్లిప్స్ చుట్టూ పనిచేసేవాళ్లకి సరే. స్వింగ్ తర్వాత వచ్చిన జావాఎఫ్‌ఎక్స్ టెక్స్ట్‌ఏరియాలో ముక్కముక్కకీ రంగు కుదరదు, రిచ్‌టెక్స్ట్‌ఎఫ్‌ఎక్స్ అనే బయటి లైబ్రరీ మీద ఆధారపడాలి. జావాఎఫ్‌ఎక్స్ 24లో సొంత రిచ్‌టెక్స్ట్‌ఏరియా వచ్చింది, ఇంకా పొదిగే దశలోనే. పైగా 11 నుంచి జావాఎఫ్‌ఎక్స్ జేడీకేలో (జావా అసలు మూటలో) లేదు, విడిగా మోసుకెళ్లాలి. నెట్ లేని ఫ్యాక్టరీ కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లేవాడికి ఆ బరువు తెలుస్తుంది.

మార్కులంటారా, హైలైటర్‌కి ఐదుకి నాలుగున్నర. స్టైళ్లకి మూడు. హెచ్‌టీఎంఎల్‌కి ఒకటిన్నర, అదీ మొహమాటానికి. కొత్తగా పెద్ద ఎడిటర్ కట్టేవాళ్లు ఇటు రావక్కర్లేదు. ఉన్న స్వింగ్ ప్రోగ్రామ్‌ని నెట్టుకొస్తున్నవాళ్లు, పాత కంప్యూటర్ల మీద లాగ్‌లు చూపించాల్సినవాళ్లు దీన్ని వదిలేసి వేరేచోటికి పరుగెత్తాల్సిన పని కూడా లేదు.

నేను ఇప్పటికీ తీర్చలేని ఫిర్యాదు ఒకటుంది. పేన్‌లోంచి కాపీ చేసి వర్డ్‌లో అతికిస్తే రంగులు రావు, ఉత్త అక్షరాలే వస్తాయి. జేటెక్స్ట్‌పేన్ మామూలుగా క్లిప్‌బోర్డుకి ఇచ్చేది సాదా టెక్స్టే. హెచ్‌టీఎంఎల్‌గా మార్చి ఇచ్చే ట్రాన్స్‌ఫర్‌హ్యాండ్లర్ రాయాలని రెండేళ్లుగా నా జాబితాలో ఉంది. పోయిన నెల హిందూపురం వెళ్లినప్పుడు సూపర్‌వైజర్ ఏం చేస్తున్నాడో చూశాను. తెరని ఫోన్‌తో ఫొటో తీశాడు, నేను తొమ్మిదేళ్లుగా చెక్కిన పసుపూ అలల గీతా అందులో స్పష్టంగానే ఉన్నాయి. ఆ తర్వాత వేలితో దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి వాట్సాప్‌లో మేనేజర్‌కి పంపాడు.